భాస్కర్ నంబరు నుంచి మిస్డ్ కాల్

ఐటీ మేనేజ్‌మెంట్ పీజీ తరగతులకు పాఠం చెప్పడానికి కొత్తగా చేరుతున్నవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ పుస్తకం మంచిది, సిలబస్ ఎట్లా పూర్తిచేయాలి అని అడుగుతారు. అవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పగలిగింది ఒకటే. తెలంగాణ ఉద్యమం మంట మీదున్న ఏళ్లలో జనగామ శివారులోని ఒక ప్రైవేటు కాలేజీలో ఆ కోర్సుకు నేను హెడ్‌ని. ఆ కుర్చీలో కూర్చుని నేను ఎక్కువగా చేసిన పని భయపడటం. పైకి కనిపించకుండా భయపడటం.

పైకి కనిపించకుండా ఉండటం నాకు పుట్టుకతో వచ్చింది. పెద్దవంగర దగ్గర ఒక ఊళ్లో మాది గడి, దొరల కోటలాంటి ఇల్లు. ఇప్పుడు గడి లేదు, భూమి లేదు. దర్వాజా చెక్క ఎవరింట్లో ఉందో, గోడల రాళ్లు ఎవరి బావికి పోయాయో చెప్పగలను గాని, చెప్పను. మా వంశంలో ఉద్యోగానికి బయటికి వచ్చిన మొదటి ఆడదాన్ని నేనే. చీర మడత నలగకుండా వచ్చాను, నలగకుండానే రిటైరయ్యాను. విద్యార్థులు ముందర మేడమ్ అనేవారు, వెనుక దొరసాని అనేవారు. రెండూ నాకు వినిపించేవి. రెండింటికీ అభ్యంతరం లేదు.

తాళం, అల్మారా

కాలేజీకి రాకముందు మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో కంప్యూటర్ల పని చూశాను. అక్కడ నేర్చుకున్నది ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు.

నేను చేరిన కొత్తలోనే అక్కడి పెద్ద కంప్యూటరు చెడిపోయింది. రోగుల వివరాలన్నీ అందులోనే. ఎవరికీ కంగారు లేదు, ఎందుకంటే ఆపరేటరు ఏళ్లుగా రోజూ సాయంత్రం ఆ వివరాలను సీడీల మీదికి ఎక్కించి, అల్మారాలో పెట్టి తాళం వేసేవాడు. తాళం తీశాం. వరసగా, తేదీలు రాసి, ముచ్చటగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. సీడీ రాసే యంత్రం ఎప్పుడో పాడైంది. అది లోపలికి తీసుకుని, కాసేపు తిరిగి, బయటికి తోసేది. ఆయన తేదీ రాసి పెట్టేవాడు.

దవాఖాన పెద్ద డాక్టరు కోపిష్టి. ఆ రోజు మాత్రం కోపం రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "రోజూ అయ్యిందా అని అడిగిన. అయ్యింది సార్ అన్నడు. నేను గూడ మనిషి మొకమే చూసిన గని సీడీ చూడలే" అన్నాడు. నేను చూసిన పై అధికారులలో అంత తేటగా మాట్లాడినవాడు ఇంకొకడు లేడు. అయ్యిందన్న కబురు వేరు, అవ్వడం వేరు. ఈ చదువు మొత్తానికి అదే సారం. మిగతా పుస్తకాలన్నీ దానికి వ్యాఖ్యానం.

కాలేజీ నేర్పిన చదువు

మా కాలేజీ చైర్మన్ ఆ డాక్టరుకు పూర్తిగా భిన్నమైన మనిషి. చెడ్డవాడు కాడు. తనిఖీ కమిటీ వస్తుందంటే చాలు, పక్క ఊరి కాలేజీ నుంచి వ్యానులో కంప్యూటర్లు వచ్చేవి. కమిటీ వెళ్లగానే అదే వ్యానులో వెళ్లిపోయేవి. మా పిల్లలే వాటిని దించేవారు, ఎక్కించేవారు. బంద్‌ల వల్ల తరగతులు జరగని రోజులకు కూడా అందరికీ హాజరు పడేది.

"వెయ్యకుంటె పిలగాళ్లకే నష్టం మేడమ్" అనేవాడు చైర్మన్. "మీ చేయి నొస్తదా ఏంది?"

"చేయి నొయ్యది. పిలగాళ్లు నేర్చుకుంటరు" అన్నాను ఒకసారి.

"ఏం నేర్చుకుంటరు?"

"లేనోన్ని గూడ ఉన్నట్టు చూపెట్టుడు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఒకరి బదులు ఇంకొకరు "ఎస్ మేడమ్" అనడం మా తరగతుల్లో స్నేహధర్మం. ప్రాక్సీ వేయనివాడు దోస్తు కాదు. తరగతిలో గొంతు మార్చి అన్నవాణ్ని నేను పట్టుకుని నిలబెట్టేదాన్ని. కాని కంప్యూటర్లకే ప్రాక్సీ వేసే కాలేజీలో వాళ్లను ఎంతకని నిలబెట్టేది?

భాస్కర్ అడిగిన ప్రశ్న

నా ముందు కూర్చున్నవాళ్లలో సగం మంది ఇళ్లల్లో డిగ్రీ దాటిన మొదటివాళ్లు. నర్సింహులపేట వైపు తండాల నుంచి వచ్చిన లంబాడీ పిల్లలు ఇంట్లో ఒక భాష, ఊళ్లో ఒక భాష, పరీక్షలో ఇంగ్లీషు. మహబూబాబాద్ నుంచి ఖాజా అనేవాడు. వాళ్ల నాన్నది వెల్డింగ్ షాపు. నోరు ఆగదు, మనసు మంచిది. ఖాజా రూమ్మేట్ భాస్కర్. భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడి కొడుకు, తరగతిలో అందరికంటే చురుకైనవాడు.

ఆ యేడు ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగాలకు మనుషులను ఎంచుకుంటామంటే భాస్కర్‌ను హైదరాబాద్ పంపాను. మరుసటి రోజే తిరిగొచ్చాడు.

"ఏమడిగిన్రు?" అన్నాను.

"ఎట్ల వచ్చినవ్ అని అడిగిన్రు మేడమ్. దోస్తులం కలిసి బస్సుల వచ్చినం అన్న. ఒకాయన 'వచ్చినం' అనుకుంట పక్కాయన దిక్కు చూసి నవ్విండు. ఇద్దరు నవ్విన్రు. తర్వాత ఏం అడగలే."

ఖాజా అందుకున్నాడు. "సినిమాల మన భాష మాట్లాడే రౌడీ లెక్క కనవడ్డవ్ భాయ్ వాళ్లకు. చాకు తీసుకపోవల్సింది."

అందరూ నవ్వారు. భాస్కర్ కూడా పెదవులు కదిపాడు. ఆ తర్వాత తరగతిలో నోరు విప్పడం తగ్గించాడు. ఒక్కసారి మాత్రం లేచాడు. అనుకున్నది జరగకపోతే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం గురించి పాఠం చెప్తున్నాను. కరెంటు పోతే, సర్వరు పడిపోతే, వరద వస్తే.

"మేడమ్, రాష్ట్రం రాకపోతె ఏం చెయ్యాలె అని ఎవలన్న ప్లాన్ రాసి పెట్టిన్రా?"

ఆ ఏళ్లలో ఆ ప్రశ్నను పైకి అనేవాళ్లు లేరు. వస్తుందనే అనాలి. పక్క ఊరి కాలేజీలో ఒక విద్యార్థి రాష్ట్రం రాదేమోనన్న దిగులుతో ప్రాణం తీసుకుని ఎన్నో రోజులు కాలేదు. "కూర్చో" అన్నాను. ఏదో చెప్పాను, ఏం చెప్పానో గుర్తులేదు. బయటికి వచ్చాక నా చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలై ఉంది.

మిస్డ్ కాల్

ఆ పోయిన పిల్లవాడిని నేను ఎరగను. కాని వాడి మరణం తర్వాత ఫోను మోగితే రెండో మోత రాకముందే ఎత్తేదాన్ని. తరగతిలోకి అడుగు పెట్టగానే ముందు ఖాళీ బెంచీలు చూసేదాన్ని. యంత్రాల విషయంలో మేం చెప్పే మాట ఒకటుంది. తప్పు జరిగిందని అరిచే యంత్రంతో ప్రమాదం లేదు. చడీచప్పుడు లేకుండా ఆగిపోయినదాని దగ్గరికి పరుగెత్తాలి. అందుకే పెద్ద పెద్ద చోట్ల ప్రతి యంత్రం నేనున్నాను, నేనున్నాను అని ఎప్పటికప్పుడు ఒక చిన్న సంకేతం పంపేట్టు పెడతారు.

రాష్ట్రం కోసం సమ్మె మొదలై, కాలేజీ మూతపడి, బస్సులు ఆగిపోయి, పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయినప్పుడు నేను అదే చేశాను. ప్రతి ఒక్కరూ పొద్దున లేవగానే నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. దానికి పైసా ఖర్చు లేదు. ఇంటికి చేరాను అనడానికి, బస్సెక్కాను అనడానికి, నువ్వు చెయ్ నా దగ్గర బ్యాలెన్స్ లేదు అనడానికి, అప్పట్లో అందరికీ అదే భాష. పిల్లలకు చదువులో భాగమని చెప్పాను. భయమని చెప్పలేదు.

పొద్దున నా ఫోను పిట్టలాగా కూసేది. ఒక్కొక్క నంబరూ చూసుకుని టీ తాగేదాన్ని. భాస్కర్ నంబరు అందరికంటే ముందు వచ్చేది.

ఒక ఉదయం ప్రాజెక్టు పని మీద, మూతపడిన కాలేజీలో ల్యాబు తెరిపించి ఖాజాను పిలిపించాను. తను ఇంటికి పోకుండా జనగామ రూములోనే ఉంటున్నాడు. భాస్కర్ అప్పటికే భూపాలపల్లి వెళ్లిపోయాడని చెప్పాడు. ప్రాజెక్టులో భాస్కర్ భాగం గురించి ఒక సందేహం వచ్చి, ఖాజా ఎదుటనే భాస్కర్‌కు ఫోను చేశాను.

ఖాజా జేబులో మోగింది.

ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అది ఇంకా మోగుతూనే ఉంది.

"వాడే ఇచ్చిపోయిండు మేడమ్. నాకు మనసు బాగలేదు, కొన్ని రోజులు ఎవలతోటి మాట్లాడ, దొరసాని... మేడమ్‌కు మాత్రం పొద్దుగాల మిస్డ్ కాల్ ఇయ్యి, లేకుంటె ఊకోదు అన్నడు. భూపాలపల్లి పోయిండన్నది నేను ఊకనే అన్న, ఏడికి పోయిండో నాకు ఎర్కలేదు. అల్లా కసం మేడమ్, నేను గూడ ప్రాక్సీయే కదా అనుకున్న."

"ఫోను ఇచ్చిపోయేటోడు ఎక్కడికి పోతడు ఖాజా?"

వాడు అప్పుడు అర్థం చేసుకున్నాడు. కూర్చోబోయి, కుర్చీ లేని చోట చేయి పెట్టి తూలాడు.

తొవ్వ మీద వంట

ముందు భూపాలపల్లిలో వాళ్ల ఇంట్లో చూడాలి. బస్సు లేదు. రైళ్లు ఆపేస్తున్నారు. ఖాజా దగ్గర వాళ్ల నాన్న పాత బండి ఉంది. నేను ఎవరి బండి వెనుకా కూర్చున్నదాన్ని కాను. కూర్చున్నాను, చేతి సంచి ఒళ్లో పెట్టుకుని, నడుము వంచకుండా.

పరకాల దాటిన తర్వాత ఒక ఊళ్లో రోడ్డుకు అడ్డంగా చెట్టు మొద్దు వేసి, పొయ్యిలు పెట్టి, ఊరు ఊరంతా రోడ్డు మీదే వండుకుని తింటున్నారు. ఉద్యమంలో అదొక పద్ధతి. వంటావార్పు అనేవారు. ఆ తొవ్వన వచ్చినవాళ్లు తిని తీరాలి. తింటే మనవాళ్లు.

"బండి ఆపు. బంద్ అని ఎర్కలేదా?" అన్నాడు ఒక యువకుడు.

"పని మీద పోతున్నం. జర తొవ్వ ఇడువుండ్రి" అన్నాను. జర అనే మాట మా గడిలో ఎదుటివాళ్లు బతిమాలుతూ మాతో అనేది. నా నోటితో నేను అనడం అదే మొదలు.

పొయ్యి దగ్గర గంటె పట్టుకున్న ఒక ముసలవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎవలింటి బిడ్డవు? నిలవడ్డ తీరు చూస్తె మామూలు ఇంటి దానివి కావు."

అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఊరి పేరు, గడి పేరు చెప్పాను.

"ఓ యవ్వా!" అని గంటె పైకెత్తింది. "మా తల్లిగారిది ఆ పక్క ఊరే. మా బాపు గా గడి ముందట్నుంచి పోవాల్నంటె చెప్పులు చేతుల వట్టుకొని నడిచేటోడు. ఇయ్యాల గడి బిడ్డ తురకోల్ల పిలగాని బండెనుక కూసోని వచ్చి, తొవ్వ ఇడువుండ్రి అంటున్నది. ఇగ తెలంగాణ అచ్చినట్టే పోండ్రి!"

రోడ్డంతా గొల్లున నవ్వింది. ఖాజా కూడా తల దించుకుని నవ్వాపుకోవడం వెనుక నుంచి తెలిసింది. విస్తరాకులో అన్నం, పప్పు వేసి నా చేతికిచ్చింది. నిలబడే ముద్ద కలిపాను.

"కూసో బిడ్డా. నడుము ఇరుగదు."

కూర్చున్నాను, ఆ తారు రోడ్డు మీద. కలిపిన ముద్దను అట్లాగే ఆకులో ఉంచాను. ముసలవ్వ అది చూసింది. "ఏంది, మా అన్నం పోతలేదా?" అంది, ఈసారి కోపంగానే.

"నా దగ్గర చదివే పిలగాడు ఫోను ఇడిసిపెట్టి పోయిండు అవ్వా. ఏడున్నడో ఎర్కలేదు. వాని కోసం పోతున్న."

నవ్వు ఎట్లా మొదలైందో అట్లాగే ఆగిపోయింది. ఆ రోజుల్లో ఆ మాటకు వివరణ అక్కరలేదు. ముసలవ్వ గంటె పారేసి కుర్రవాళ్ల మీద పడింది. "ఏం చూస్తున్నర్రా, మొద్దు గుంజుండ్రి! గడి బిడ్డను తర్వాత తిట్టుకుందాం." మొద్దు జరిగింది. మమ్మల్ని ఆపిన యువకుడు ముందు ఊరివాళ్లకు ఫోను కలిపి, "ఒక మేడమ్ బండి వస్తది, ఆపకుండ్రి" అని చెప్తుండగా మేం దాటిపోయాం.

భూపాలపల్లి

కార్మికుల క్వార్టర్లలో భాస్కర్ తల్లి బట్టలు ఆరేస్తున్నది. మేడమ్ ఇంటిదాకా వచ్చిందని సంబరపడి కుర్చీ తుడిచింది.

"భాస్కర్ కోసం వచ్చినం" అన్నాను.

"కాలేజిల లేడా? అక్కడ్నే ఉన్న, ప్రాజెక్టు ఉన్నది అన్నడు గద." మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూసింది. "బాగనే ఉన్నడు గద మేడమ్? రోజు పొద్దుగాల మిస్డ్ కాల్ ఇస్తడు. ఇయ్యాల గూడ ఇచ్చిండు."

ఖాజా గోడ వైపు తిరిగాడు. నాతో పాటు ఆమెకూ వాడే ఇస్తూ వచ్చాడు. ప్రాక్సీ వేస్తే పూర్తిగా వేయాలి కదా, దోస్తు కదా. ఆ తల్లి వాడి వీపు చూసి అంతా గ్రహించింది. ఏడవలేదు. చేతిలోని తడి చీరను పిండుతూనే ఉంది, నీళ్లు రావడం ఆగిపోయాక కూడా.

పక్కింటి జీపు డ్రైవరు చెప్పాడు. "మీ భాస్కర్‌ను కాళేశ్వరంల చూసిన. గంగ కాడ కూసున్నడు. పిలిస్తె మొకం తిప్పుకున్నడు."

గంగ అంటే గోదావరి. సమ్మె టెంటులో ఉన్న తండ్రికి కబురు పంపించి, తల్లిని జీపులో ఆయనతో రమ్మని, మేం ముందు బయలుదేరాం. దారిలో ఖాజా ఏడుస్తూ బండి నడిపాడు. ఊరుకోమని నేను అనలేదు. గట్టిగా నడపమన్నాను.

గంగ ఒడ్డున

బంద్ ఉన్నా కాళేశ్వరంలో మనుషులు ఉన్నారు. అస్థికలు కలిపేవాళ్లను ఎవరూ ఆపరు. పొద్దు వాలుతున్నది. మెట్ల మీద భాస్కర్ కనిపించాడు. గడ్డం పెరిగింది. చుట్టూ బట్టల మూటలు, చెప్పులు, ఇత్తడి చెంబులు.

ఖాజా పరుగెత్తబోతే చేయి పట్టుకుని ఆపాను. నేను ఒక్కదాన్నే వెళ్లి పక్క మెట్టు మీద కూర్చున్నాను.

వాడు లేవబోయి, మూటలు చూసి మళ్లీ కూర్చున్నాడు. "మేడమ్."

"ఏం చేస్తున్నవు?"

"బట్టలు చూస్తున్న."

"ఎవలయి?"

"ఎర్కలేదు మేడమ్. వచ్చిన నాడు గీ మెట్ల మీద నిలవడితె ఒకామె వచ్చి, బిడ్డా, మా ఆయన బూడిద కలిపి తానం చేసి వస్త, జర మూట చూస్తుండు అన్నది. ఆమె వచ్చెలోపు ఇంకొకలు పెట్టిన్రు." దగ్గరున్న చెంబును సర్దిపెట్టాడు. "రోజు అనుకుంట మేడమ్. ఇగ దిగుదాం అనుకుంట. ఎవలయో ఒకలయి ఉంటనే ఉన్నయి. ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె?"

తరగతిలో వాడు అడిగిన ప్లాన్ ఎవరూ రాసిపెట్టలేదు, నేను కూడా.

స్నానానికి దిగినవాళ్లు ఒక్కొక్కరే పైకి వస్తున్నారు. తమ మూట తీసుకుని, "సల్లంగుండు బిడ్డా" అని పోతున్నారు. ఒకటి తగ్గినప్పుడల్లా మిగిలినవి లెక్కపెట్టుకున్నాను. రోడ్డు వైపు చూశాను. జీపు జాడ లేదు. చివరికి ఒక ముసలాయన తడి ధోవతితో మెట్లెక్కి, మిగిలిన ఒక్క మూటా ఎత్తుకుని వెళ్లిపోయాడు. మెట్లు ఖాళీ అయ్యాయి. భాస్కర్ చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటిని చూసుకుని, నీళ్ల వైపు చూశాడు.

నేను లేచాను. చెప్పులు విడిచాను. చేతి సంచి వాడి ఒళ్లో పెట్టాను. మా ఇంటి బంగారంలో మిగిలినవి మా నానమ్మ గాజులు రెండే. ఎన్నడూ తీయనివాటిని తీసి ఆ సంచిలో వేశాను.

"నేను గంగల దిగి వస్త. చూస్తుండు. నేను వచ్చెదాక కదలొద్దు."

"మేడమ్, మీరా?"

జవాబివ్వకుండా దిగాను. నాకు ఈత రాదు. నీళ్లు మడమలు దాటాయి, పిక్కలు దాటాయి, చీర బరువెక్కింది. అడుగున రాళ్ల మీద పాకుడు. వెనుక ఏ చప్పుడూ లేదు. వాడు ఉన్నాడా, లేచాడా, పక్కనుంచి దిగుతున్నాడా తెలియదు. తల తిప్పి చూడాలని మెడ నరాలు గుంజుతున్నాయి. తిప్పితే కాపలా కాస్తున్నది వాడు కాదు, నేనని తెలిసిపోతుంది. తిప్పలేదు. ఇంకొక అడుగు వేశాను. నీళ్లు నడుము దాకా వచ్చాయి.

"మేడమ్!"

గొంతు మెట్ల మీది నుంచే వచ్చింది, కూర్చున్నవాడి గొంతు కాదు, లేచి నిలబడి అరిచిన గొంతు.

"ఆడ లోతుంటది మేడమ్! ముందటికి పోవద్దు. ఎడమ దిక్కు జరుగుండ్రి... ఇటు, నా దిక్కు!"

వాడు చెప్పిన దిక్కుకే జరిగాను.